పురిటి వేళ ఎవరి మాట?

మన తెలుగు ఇండ్లలో సలహాలకు ఏనాడును కరవు లేదు. పెండ్లికి, ఇల్లు కట్టుటకు, పిల్లవానిని చదువునకు పంపుటకు అడిగినవారికిని అడుగనివారికిని కూడ సలహాలు లభించును. వానిలో చాల భాగము హాని చేయనివి; కొన్ని మేలు చేసినవియు కలవు. గోడ వంకరగా లేచినచో పడగొట్టి తిరిగి కట్టుకొనవచ్చును. కాని నెలలు నిండిన స్త్రీకి నొప్పులు మొదలైన తరువాత ఆమె చుట్టును తీరు సలహాల సభను గూర్చి నాకు చిరకాలముగా ఒక అభిప్రాయము కలదు. అది పుస్తకముల వలన కలిగినది కాదు గనుక, ఎట్లు కలిగినదో మొదట చెప్పెదను.

1978వ సంవత్సరము. కృష్ణా డెల్టాలోని మా పల్లె. మా అక్క తొలి కాన్పునకు పుట్టింటికి వచ్చి యుండెను. ఆషాఢ మాసము, మూడు దినములుగా విడువని ముసురు. అర్ధరాత్రి దాటిన పిమ్మట అక్కకు ఉమ్మనీరు పోయినది. మంత్రసానికి కబురంపిరి. ఆమె వచ్చి, పొట్టపై చేయి వేసి చూచి, తడిసిన గుడ్డను దీపము దగ్గరకు తెచ్చి పరీక్షించి, వసారాలోనికి వచ్చి మా నాయనమ్మతో చెప్పిన మాట అరుగు మీద కూర్చున్న నాకు వినబడెను.

“అమ్మగారూ, నీళ్లు పచ్చగా వచ్చినయ్. ఇది నా చేతిలో పని కాదు. బండి కట్టించండి.”

కడుపులోని బిడ్డ మలవిసర్జన చేసినప్పుడు ఉమ్మనీరు పచ్చబడుననియు, బిడ్డ కష్టములో నున్నదనుటకు అది గుర్తు కావచ్చుననియు నేడు ఏ ఆసుపత్రి నర్సు నడిగినను చెప్పును. బడి ముఖము చూడని ఆ మంత్రసాని ఆ సంగతిని తన చేతులతో, కండ్లతో నేర్చుకొన్నది.

ఆమె మాట ముగిసిన పిమ్మట మా ఇంట సభ తీరినది. తొలిచూలు గనుక తెల్లవారువరకు తొందర లేదని నాయనమ్మ. ఆముదము పట్టించినచో నొప్పులు ఊపందుకొనునని ప్రక్క ఇంటి పెద్దమ్మ. వర్జ్యము ఆరు గంటల దాక నున్నది గనుక అంతవరకు గడప దాటరాదని పంచాంగము తెలిసిన మా పెదనాన్న. బావకు కబురైనను చేయక ఆసుపత్రికి తీసికొనిపోయినచో రేపు వియ్యాలవారితో మాట వచ్చునని మా నాన్న. అందరును అక్క మేలు కోరినవారే. ఒక్కరును దుర్మార్గులు కారు. కాని లోపల మంచము మీద నున్న అక్కను “నీకెట్లా వుందమ్మా?” అని అడిగినవారు లేరు. మంత్రసాని మంగలి కులస్థురాలు. రెండవమారు నోరు తెరచుటకు ఆమెకు ధైర్యము చాలలేదు; తెరచినను వినువారు లేరు. వసారా మెట్టు మీద కూర్చుండి ఆమె తెల్లవార్లు తన చేతులవైపు చూచుకొనుచుండెను.

వర్జ్యము వెళ్లినది. బండి కట్టిరి. బురద బాట మీద ఎనిమిది మైళ్లు సాగి పట్టణపు ఆసుపత్రి చేరునప్పటికి పదిగంటలైనది. మగపిల్లవాడు. ఏడువలేదు.

బండి రాత్రియే కట్టి యుండినచో ఆ బిడ్డ దక్కెడివాడని నేను రూఢిగా చెప్పజాలను. అది చెప్పుటకు వైద్యులకైనను సాధ్యము కాదేమో. అక్కకు ఉపయోగపడవలసిన ఆ నాలుగైదు గంటలు ఎట్లు పోయినవో మాత్రము చెప్పగలను. అక్క బ్రతికినది. తరువాత ఇద్దరు బిడ్డలను కన్నది. ఆ రాత్రిని గూర్చి మా ఇంట ఎవ్వరును మాట్లాడరు.

1994లో థాడియస్, మెయిన్ అను ఇరువురు పరిశోధకురాండ్రు ఒక వ్యాసము ప్రకటించిరి. పేదదేశములలో కాన్పు సమయమున తల్లులు మరణించుటకు మూడు విధములైన జాగులు కారణమని వారు వాదించిరి. మూడవది ఆసుపత్రి చేరిన పిమ్మట చికిత్స అందుటలో జరుగు జాగు. రెండవది దారిలో జరుగునది. మొదటిది మాత్రము ఇంటిలోనే జరుగును: పోవుదమా వలదా అని నిశ్చయించుటలో జరుగు జాగు. ప్రభుత్వము తలచినచో రోడ్డు వేయవచ్చును, ఆసుపత్రి కట్టవచ్చును, డాక్టరును నియమించవచ్చును. మా పెదనాన్న పంచాంగము మూయించుటకు ఏ బడ్జెటులో పద్దు వ్రాయగలదు?

దారి జాగు విషయమున తెలుగునాట జరిగిన కృషి సామాన్యమైనది కాదు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 అంబులెన్సులు బయలుదేరినవి. ఆ సంవత్సరముననే కేంద్ర ప్రభుత్వము జననీ సురక్షా యోజన ప్రారంభించినది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణలో నూటికి 97, ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 96 కాన్పులకు పైగా ఆసుపత్రులలోనే జరిగినవి. 2018-20 లెక్కలలో లక్ష జననములకు దేశమున 97 మంది తల్లులు మరణించగా, తెలంగాణలో 43 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 45 మంది. ఈ అంకెల వెనుక ఇంటికి తిరిగి వచ్చిన తల్లులున్నారు. వీనిని తేలికగా చూచువారితో నాకు స్నేహము లేదు.

అట్లయిన మా వసారాలోని సభ ముగిసినట్లేనా? లేదు, అది ఆసుపత్రి వరండాలోనికి తరలిపోయినది.

రెండేండ్ల క్రిందట మా అమ్మాయి తొలి కాన్పునకు నగరములోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరినది. లోపల తలుపు మూసికొన్నారు. బయట మేము పదిమందిమి, మా చేతులలో పది ఫోనులు. అల్లుని అక్కగారు డల్లాసునుండి నొప్పులకు ఇచ్చు సూదిమందు వలదని. మా వియ్యపురాలి చెల్లెలు విజయవాడనుండి ఆ సూదిమందు వెంటనే వేయించుమని. మా తోడల్లుని కుమారుడు బెంగుళూరునుండి ఒక గంట ఆగి చూడుమని. ఆ అబ్బాయి నిజముగా డాక్టరే, కాని కంటి డాక్టరు. ఇంతలో వియ్యంకునివైపు సిద్ధాంతిగారు, పదకొండు గంటల నలుబది నిమిషములలోపల బిడ్డ భూమి మీద పడినచో రాజయోగమని కబురు చేసిరి. ఎద్దుబండి కాలమున వర్జ్యము మమ్ములను కదలనీయలేదు. ఇప్పుడు యోగము తొందరపెట్టుచున్నది. నక్షత్రములు మాత్రము అవియే.

ఒక నర్సు తలుపు సందులోనుండి “పేషెంటు తాలూకు ఎవరండీ?” అని పిలిచి, కాగితము మీద సంతకము చేయుమన్నది. ఆపరేషన్. కారణమేమని నేనడిగితిని. ప్రోగ్రెస్ లేదట. బిడ్డ గుండె ఎట్లు కొట్టుకొనుచున్నదని అడిగితిని. ఇంకను ఆగినచో ప్రమాదము ఏపాటిదని అడిగితిని. అప్పుడు డాక్టరుగారే వచ్చి, “మీరు డాక్టరా?” అని అడిగిరి. అల్లుడు సంతకము చేసెను. తల్లి, బిడ్డ క్షేమము. ఆ కోత అవసరమై చేసినదో కాదో నాకు నేటికిని తెలియదు. నా ఫిర్యాదు కోతను గూర్చి కాదు, తెలియకపోవుటను గూర్చి. మరి మా అమ్మాయి? “లోపల నన్నెవరూ ఏమీ అడగలేదు నాన్నా” అని ఆమె తరువాత చెప్పినది.

ఇచ్చట కొందరు మిత్రులు నాతో తగవులాడుదురు. వైద్యము తెలిసినవాని మాట వినవలెను, మిగిలినవారు నోరు మూసికొనవలెను, అంతే కదా అందురు. అంత సులభముగా ఒప్పుకొనలేను. 1840 ప్రాంతమున వియన్నా నగరపు పెద్ద ఆసుపత్రిలో రెండు ప్రసూతి వార్డులుండెను. ఒకదానిలో డాక్టర్లు, వైద్య విద్యార్థులు, రెండవదానిలో మంత్రసానులు. చేరిన దినమును బట్టి ఏ వార్డో నిర్ణయమగుచుండెను. డాక్టర్ల వార్డులో బాలింత జ్వరముతో మరణించువారు ఎక్కువ. ఈ సంగతి వియన్నాలోని పేద స్త్రీలకు ముందే తెలియును; ఆ వార్డులో వేయవలదని వారు మోకరిల్లి ప్రాధేయపడెడివారట. 1847లో సెమ్మెల్‌వైస్ అను డాక్టరు, శవములను కోసిన చేతులతోనే విద్యార్థులు పురిటి గదిలోనికి వచ్చుచున్నారని గ్రహించి, క్లోరిన్ నీటితో చేతులు కడిగించిన పిమ్మట మరణములు తగ్గినవి. మోకరిల్లిన స్త్రీల మాట నిజము. డాక్టర్ల ధీమా అబద్ధము.

మన కాలపు సంగతియే చూడుడు. నే జెప్పిన సర్వేలోనే దేశమున నూటికి 21.5 కాన్పులు కోతతో జరుగగా, ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లో నూటికి పది పదిహేనుకు మించుట ఏ ప్రాంతమునకును సమర్థనీయము కాదని చెప్పినది. తెలుగు స్త్రీల శరీరములు ఇతర స్త్రీలకంటె ఇంతగా భిన్నమైనవని నేను నమ్మను. దీనికి డాక్టర్ల తొందర కొంత, మన సిద్ధాంతుల ముహూర్తములు కొంత, నొప్పులనిన భయము కొంత కారణములు. కోత తల్లి ప్రాణమును కాపాడిన సందర్భములు వేలకొలది కలవు. మా అక్కకు 1978లో సకాలమున అది దొరికియుండిన బాగుండునని నేనెన్నిమారులో అనుకొంటిని. అందుచేతనే అది కారణము చెప్పి చేయవలసిన పని యనుచున్నాను.

కనుక నా మాట ఇది. సలహాకు కాలము నొప్పులు రాకముందున్న తొమ్మిది నెలలు. అప్పుడు పదిమంది నడుగవచ్చును, పుస్తకములు చదువవచ్చును, డల్లాసుకు ఫోను చేయవచ్చును. ఏ ఆసుపత్రి, రాత్రివేళ అచ్చట ఎవరుందురు, నెత్తురు కావలసివచ్చిన ఎచ్చట దొరకును, బండి ఎవరిది, ఇవన్నియు ఏడవ నెలలోనే తేలవలెను. నెత్తురు పోవుట, బిడ్డ కదలిక తగ్గుట, ఉమ్మనీరు రంగు మారుట, తలనొప్పితో చూపు మసకబారుట: వీనికి సలహా అడుగు ఆచారమే పనికిరాదు. అవి కనిపించినప్పుడు బయలుదేరవలెను. మాటలాడదలచినవారు బండిలో మాటలాడుకొనవచ్చును.

నొప్పులు మొదలైన తరువాత తీర్పుచెప్పు అర్హత ఇరువురికే కలదు. కనుచున్న స్త్రీకి, ఆమె పొట్టపై చేయి వేసి చూచుచున్నవారికి. ఆ చేయి మంగలి మంత్రసానిదైనను, పెద్ద డిగ్రీల డాక్టరుదైనను నాకు భేదము లేదు. చూడనివారు వేయి మైళ్ల దూరముననున్నను, గోడ కవతలనున్నను ఒకటే. ఐతే చేయి వేసినవారికి జవాబు చెప్పు విధియు కలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఒక సంగతి స్పష్టము చేసినది. గర్భాశయ ముఖము గంటకు ఒక సెంటీమీటరు చొప్పున తెరచుకొనవలెనను పాత లెక్క చాలమంది స్త్రీలకు సరిపడదు; అంత వేగము లేదను ఒక్క కారణముచే జోక్యము చేసికొనరాదు. కావున ప్రోగ్రెస్ లేదనుట జవాబులో సగము మాత్రమే. బిడ్డ గుండె ఎట్లున్నది, ఆగినచో ఏమగును అను మిగిలిన సగము అడుగుట డాక్టరును అవమానించుట కాదు. ఈ రెండు ముక్కలు చెప్పుటకు పట్టు కాలము అర నిమిషము. అది దొరకనిచోటనే జనము ఫోనులు తీయుదురు. వారి నొక్కరినే తప్పుపట్టుట న్యాయము కాదు.

ఇక ముసలివారి అనుభవము బూడిదలో పోయవలసినదేనా యని మా అత్తగారు నన్నడిగిరి. ఎంతమాత్రము కాదు. దాని చోటు వరండా కాదు, లోపలి గది. తోడుండి నడుము రాయు మనిషి, చేయి పట్టుకొను మనిషి విడువక ప్రక్కననున్న స్త్రీలకు కోతలు తగ్గినవనియు, నొప్పుల కాలము కొంత కురచయైనదనియు పదిహేనువేలమందికి పైబడిన స్త్రీలపై జరిగిన పరీక్షలను కలిపి చూచిన పండితులు 2017లో ప్రకటించిరి. మన కేంద్ర ఆరోగ్య శాఖ సహితము 2016లోనే సర్కారు ఆసుపత్రులలో పురిటి గదిలోనికి ఒక తోడును అనుమతింపవచ్చునన్నది. కాగితము మీద అనుమతి వచ్చినది గాని, తలుపులు చాలచోట్ల ఇంకను మూసియే యున్నవి. పదిమందిని బయట నిలువబెట్టి ఒక్కతెను లోపల ఒంటరిని చేయు ఏర్పాటు ఎవరికి సుఖమో నాకు బోధపడలేదు.

మా అమ్మాయికి ఇప్పుడు మరల ఏడవ నెల. పోయిన ఆదివారము ఆమెయే అందరిని కూర్చుండబెట్టి మాటలాడినది. ఫోనులు ఇంటివద్దనే యుండవలెను. అల్లుడు ఒక్కడే డాక్టరుతో మాటలాడవలెను, అదియు తన్నడిగిన పిమ్మట. పుస్తకములో నాలుగు ప్రశ్నలు వ్రాసికొన్నది. సిద్ధాంతిగారి ప్రసక్తి వచ్చినప్పుడు వియ్యంకుడుగారు కండువా సవరించుకొని ఊరకుండిరి. లోపల తోడుగా ఎవరు కావలెనని ఆమె తల్లి అడిగినది. తల్లినే కోరుకొనునని అందరము అనుకొంటిమి. “మేనత్తను రమ్మంటాను” అన్నది.

అక్కకు డెబ్బది దాటినది. ఫోనులో ఈ మాట చెప్పినప్పుడు చాలసేపు పలుకలేదు. తరువాత, “నన్ను లోపలికి రానిస్తారంటావుట్రా?” అని మాత్రము అడిగినది. ఆసుపత్రివారికి జాబు వ్రాసితిమి. జవాబు ఇంకను రాలేదు.