వెనక బెంచీ లేని కాలేజీ

‘ఫిలాసఫీ చదువుతా’ అంటే చాలా ఇళ్లలో వినిపించే మొదటి మాట... ‘చదివి ఏం చేస్తావ్?’. అమెరికాలోని సెయింట్ జాన్స్ కాలేజీలో చేరినవాళ్లు మాత్రం నాలుగేళ్లూ ఫిలాసఫీ చదవాల్సిందే. ప్లేటో, అరిస్టాటిల్ నుంచి కాంట్ దాకా మూలగ్రంథాలు, వాటితోపాటే లెక్కలు, సైన్సు, గ్రీకు, ఫ్రెంచి, సంగీతం. అందరికీ ఒకటే సిలబస్!

మేరీల్యాండ్ రాష్ట్రం అనాపొలిస్‌లో 1696లో బడిగా పుట్టి, 1784లో కాలేజీ అయిన సంస్థ ఇది. 1930ల్లో అప్పులపాలై, గుర్తింపు కూడా పోగొట్టుకుంది. అప్పుడొచ్చారు స్ట్రింగ్‌ఫెలో బార్, స్కాట్ బుకానన్. 1937లో వాళ్లు పెట్టిన పద్ధతే నేటికీ సాగుతోంది. 1964లో శాంటా ఫేలో రెండో క్యాంపస్ వచ్చింది. ఒక్కోచోటా చదివేది కొన్ని వందల మందే.

వారానికి రెండు రాత్రులు సెమినార్. బల్ల చుట్టూ ఇరవై మంది వరకూ విద్యార్థులు, ఇద్దరు ట్యూటర్లు. అక్కడ ప్రొఫెసర్లన్న మాటే లేదు. ఒక ట్యూటర్ ఒక ప్రశ్న వేస్తారు, అక్కణ్నుంచి చర్చ పిల్లలదే. ఫిలాసఫీలో డాక్టరేటు చేసినాయన కూడా యూక్లిడ్ రేఖాగణితం క్లాసుకు వెళ్లాలి. గురువుగారూ తమతోపాటే తల పట్టుకోవడం చూశాక, ‘తెలియదు’ అనడానికి పిల్లలు సిగ్గుపడరు. అలాగని చదవకుండా వస్తే మాత్రం ఇట్టే దొరికిపోతారు. దాక్కోవడానికి వెనక బెంచీ ఏదీ?

సెమిస్టర్ చివర్లో జరిగేది ‘డాన్ ర్యాగ్’. పేరు వింటే ర్యాగింగ్ గుర్తొస్తుంది కానీ, భయపడక్కర్లేదు. విద్యార్థిని ఎదురుగా కూర్చోబెట్టుకుని అతని ట్యూటర్లంతా ‘ఈయన బాగా ఆలోచిస్తారు, ఇతరుల మాట వినడమే తక్కువ’ అన్నట్టుగా తమలో తాము మాట్లాడుకుంటారు. తర్వాత అతని జవాబు వింటారు. గ్రేడ్లుంటాయి, అడిగితేనే చెబుతారు.

శాంటా ఫేలోని ప్రాచ్య గ్రంథాల పీజీ కోర్సులో ఉపనిషత్తులు, భగవద్గీత కూడా ఇలాగే బల్ల మీదికొస్తాయి. సంస్కృతమో ప్రాచీన చైనీసో నేర్చుకుని మరీ చదువుతారు.

ఈ చదువు చవకేం కాదు. ఏడాదికి 52 వేల డాలర్లున్న ఫీజును 35 వేలకు తగ్గిస్తున్నట్టు 2018లో కాలేజీ ప్రకటించింది. లోటును విరాళాలతో పూడ్చుకుంటామంది. పైగా ఇక్కడి డిగ్రీ నేరుగా ఏ వృత్తిలోనూ దించదు. డాక్టర్ కావాలనుకుంటే మెడిసిన్‌కు కావాల్సిన సైన్సు కోర్సులు తర్వాత విడిగా చదువుకోవాలి.

మరి ‘చదివి ఏం చేస్తావ్?’... లాయర్లవుతున్నారు, టీచర్లవుతున్నారు, వ్యాపారాలూ చేస్తున్నారు. ఎక్కడికెళ్లినా ఎదుటివాళ్ల మాట చివరిదాకా వినడం, తన మాట తప్పని తేలితే మార్చుకోవడం అవసరమే. అది నలుగురిలో మాట్లాడితేనే అబ్బుతుంది. పేరుపెట్టి పిలవగలిగేంత మందే ఉన్నచోట ఆ అవకాశం రోజూ వస్తుంది.