రేపటి గిటారు ఎలా ఉండాలి?

ఈసారి మన గోడపత్రికకు "రేపటి వస్తువులు" అనే అంశం ఇచ్చారు. చాలామంది రోబో గురించి, కరెంటు కారు గురించి రాస్తున్నారు. నేను ఎలక్ట్రిక్ గిటారు గురించి రాస్తానంటే మా గదిలో పిల్లలు నవ్విన్రు. "మనకూ గిటారుకూ ఏం సంబంధం? అది సినిమావాళ్ళది, పట్నంవాళ్ళది" అన్నరు. సంబంధం ఉందని చెప్పడానికే ఈ వ్యాసం. మీరు గోడ ముందు నిలబడి చదువుతున్నారని నాకు తెలుసు. కాళ్ళు నొప్పి పెట్టినా చివరిదాకా చదవండి.

నా అభిప్రాయం ముందే చెప్తాను. అన్ని పాటలకూ పనికొచ్చే గిటారు అంటే ఎక్కువ బటన్లు ఉన్న గిటారు కాదు. వాయించేవాళ్ళు తమ చేతులతో విప్పి, తమ పాటకు తగ్గట్టు మార్చుకోగలిగిన గిటారు. పాట వాద్యానికి లొంగకూడదు. వాద్యమే పాటకు లొంగాలి.

ముందు అది ఎట్లా పలుకుతదో చూద్దాం. తీగ కంపిస్తే ధ్వని పుడుతుందని ధ్వని పాఠంలో చదువుకున్నాం. మామూలు గిటారులో ఆ ధ్వనిని బోలు పెట్టె పెద్దది చేస్తుంది. ఎలక్ట్రిక్ గిటారులో తీగల కింద అయస్కాంతాలు ఉంటాయి. వాటి చుట్టూ వెంట్రుక లాంటి సన్న రాగి తీగను వేల చుట్లు చుడతారు. దీన్నే పికప్ అంటారు. పైన ఉన్న ఉక్కు తీగ ఊగితే అయస్కాంత క్షేత్రం మారుతుంది, చుట్టలో చిన్న కరెంటు పుడుతుంది. ఇది 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రమే. ఆ చిన్న కరెంటును ఆంప్లిఫయరు డబ్బా పెద్దది చేసి స్పీకరుకు పంపుతుంది. ఒక్క మాట గుర్తు పెట్టుకోండి. పికప్‌కు బయటి కరెంటు అక్కరలేదు. కరెంటు కావలసింది డబ్బాకు మాత్రమే.

ఇప్పుడు సంబంధం సంగతి. హవాయి అనే దీవుల్లో అక్కడి మూలవాసి కుర్రాడు ఒకడు ఉండేవాడు. పేరు జోసెఫ్ కెకుకు, 1874లో పుట్టాడు. అక్కడ హవాయి పిల్లల కోసం 1887లో కమేహమేహా అనే వసతి బడి మొదలైంది. కెకుకు ఆ బడిలో చదువుకున్నాడు. గిటారును ఒళ్ళో పడుకోబెట్టి, తీగల మీద ఉక్కు ముక్కను జరుపుతూ వాయించే పద్ధతిని సాధించాడు. వేలితో నొక్కితే స్వరం మెట్టు మెట్టుగా వస్తది. ఉక్కు జరిపితే స్వరం జారుతూ, ఏడ్చినట్టు, పిలిచినట్టు వస్తది. ఈ పద్ధతికి ఆద్యుడు అతనే అని ఎక్కువమంది ఒప్పుకుంటారు. ఆ వాయింపు అమెరికా అంతా పాకింది. కానీ పెద్ద బృందంలో బాకాల మధ్య గిటారు వినబడేది కాదు. అందుకే జార్జ్ బోషాం అనే వాయిద్యకారుడు 1931లో అయస్కాంతం పెట్టి ఎలక్ట్రిక్ గిటారు నమూనా చేశాడు. 1932లో అది అమ్మకానికి వచ్చింది. గుండ్రంగా, పొడుగు పిడితో ఉండడం వల్ల దాన్ని వేపుడు పెనం అని పిలిచారు. అది ఒళ్ళో పెట్టుకుని వాయించే హవాయి గిటారే. చూశారా! ఎలక్ట్రిక్ గిటారు వేరు పట్టుకుని తవ్వితే వసతి బడిలో చదివిన ఒక మూలవాసి పిల్లగాడు కనిపిస్తాడు. మనలాంటి వాడే. ఇంకా సంబంధం లేదంటారా?

తర్వాత లియో ఫెండర్ అనే ఆయన వచ్చాడు. ఆయన రేడియోలు బాగుచేసే మనిషి. గిటారు వాయించడం ఆయనకు రాదు. అయినా 1950లో ఆయన చేసిన గిటారు రకం ఇప్పటికీ తయారవుతున్నది. కారణం ఏమిటంటే ఆయన రిపేరు చేసేవాని కన్నుతో చూశాడు. గిటారు మెడను జిగురుతో అంటించకుండా మరలతో బిగించాడు. మెడ పాడైతే విప్పి వేరేది పెట్టుకోవచ్చు. 1954లో స్ట్రాటోకాస్టర్ అనే గిటారు చేసి, మూడు పికప్‌లు, మూడు స్థానాల మీట పెట్టాడు. వాయించేవాళ్ళు ఆ మీటను రెండు స్థానాల మధ్యలో ఆపి చూస్తే కొత్త నాదం వచ్చింది. అది కంపెనీ అనుకోనిది. చివరకు 1977లో కంపెనీయే ఐదు స్థానాల మీట పెట్టింది. అంటే ఆ రెండు నాదాలను కనిపెట్టింది వాయించేవాళ్ళే.

దీనికి ఎదురుగా ఇంకొకటి చూడండి. గిబ్సన్ అనే పెద్ద కంపెనీ 2010లో ఫైర్‌బర్డ్ ఎక్స్ అనే గిటారును ప్రకటించింది. శృతి దానంతట అదే చేసుకుంటది, రకరకాల నాదాలు లోపలే ఉంటాయి. ధర 5 వేల డాలర్ల పైన. జనం పెద్దగా మెచ్చలేదు. 2019లో అవే గిటార్లు వందల కొద్దీ నేల మీద పరిచి యంత్రంతో తొక్కించిన వీడియో బయటకు వచ్చింది. వాటి లోపలి భాగాలు ప్రమాదకరమైనవి, బాగుచేయడానికి పనికిరావు అని కంపెనీ చెప్పింది. అన్నీ ఉన్నాయి గానీ విప్పి బాగుచేసుకునే దారి లేదు. అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు అయింది.

మన తెలుగువాళ్ళ సంగతి చెప్తాను. పాలకొల్లులో 1969లో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారు చిన్న వయసులోనే కర్ణాటక సంగీతం మాండలిన్ మీద వాయించారు. మాండలిన్‌కు నాలుగు జతలుగా ఎనిమిది తీగలుంటాయి. మీటిన నాదం వెంటనే ఆరిపోతుంది. గమకం ఊపడానికి అది సరిపోదు. ఆయన ఎలక్ట్రిక్ మాండలిన్ తీసుకుని, జతలు మాని ఐదు ఒంటి తీగలు పెట్టుకున్నారు. అప్పుడు గమకం పలికింది. ఆయన 2014లో చనిపోయారు గానీ ఆయన చూపిన దారి ఉంది. ఆయన రాగాన్ని తగ్గించుకోలేదు, వాద్యాన్నే మార్చారు.

ఇక మా ఊరికి వద్దాం. మేము గోండులం. మాకు పెద్దల కథలు పాడి వినిపించేది పర్ధాన్ తాతలు. వాళ్ళ చేతిలో కిక్రి ఉంటది. మూడు తీగలు, విల్లుతో వాయిస్తారు. కిక్రికి మెట్లు లేవు. స్వరం పాముపిల్లలాగా జారుతుంది. మా పాటను కీబోర్డు మీద వాయించగా విన్నాను. పాట అదే, కానీ అందులో మా ఊరు లేదు. ఎందుకంటే కీబోర్డుకు, గిటారుకు స్వరాలు పన్నెండు గళ్ళలోనే ఉంటాయి. మా పాటలో కొన్ని స్వరాలు గడికీ గడికీ మధ్యన ఉంటాయి. గడిలో పట్టనిది తప్పు స్వరం అంటే మా తాతలందరూ తప్పు పాడినట్టేనా? నేను ఒప్పుకోను.

ఈ బాధ మనది ఒక్కరిదే కాదు. టర్కీలో తోల్గహాన్ చోఉలు అనే గిటారు విద్వాంసుడు తమ దేశపు స్వరాల కోసం 2008లో మెట్లు జరుపుకునే గిటారు రూపొందించాడు. ఆయన చిన్న కొడుకు ఆడుకునే ప్లాస్టిక్ ఇటుకలతో గిటారు మెట్ల పలకను చేస్తే, దాన్ని చూసి 2021లో నిజంగా వాయించే గిటారే చేశారు. అవి ఎలక్ట్రిక్ గిటార్లు కావు గానీ ఆలోచన మనకు కావలసిందే.

కాబట్టి నా గిటారు ఇట్లా ఉండాలి.

మొదటిది, మెడ. నాలుగు మరలు విప్పితే ఊడిరావాలి. ఒక మెడకు జరిపే మెట్లు, ఇంకో మెడకు అసలు మెట్లు లేకుండా నున్నటి పలక. సినిమా పాటకు ఒకటి, కిక్రి పాటకు ఒకటి. పొడవు కూడా మన చేతికి తగినట్టు ఉండాలి. ఫెండర్ మామూలు గిటారులో తీగ పొడవు ఇరవై ఐదున్నర అంగుళాలు. కానీ 1956లోనే నేర్చుకునేవాళ్ళ కోసం ఇరవై రెండున్నర అంగుళాల గిటార్లు చేశారు. అయితది అన్నమాట.

రెండోది, పికప్. ఒంటి చుట్ట పికప్ నాదం తేటగా ఉంటది, కానీ చుట్టుపక్కల కరెంటు వైర్ల నుంచి గుయ్ మనే మోత పట్టుకుంటది. 1955లో సేత్ లవర్ అనే ఇంజనీరు రెండు చుట్టలను ఎదురెదురుగా కలిపి ఆ మోతను ఆపాడు. దాని నాదం నిండుగా ఉంటది. రెండు చుట్టల పికప్ పెట్టి, ఒక మీటతో ఒక చుట్టను ఆపుకునే వీలుంటే రెండు గొంతులూ వస్తాయి. మీట ఒక్కటే చాలు.

మూడోది, బరువు. లెస్ పాల్ రకం గిటారు సుమారు నాలుగు కిలోలు ఉంటది. నాలుగు లీటర్ల నీళ్ళు భుజానికి వేలాడదీసుకుని పాడమన్నట్టే. 2016లో అమెరికా గాయని ఆనీ క్లార్క్ తన ఒంటికి తగినట్టు సన్నని నడుముతో తేలికైన గిటారును కంపెనీతో కలిసి రూపొందించింది. అప్పటిదాకా ఆడవాళ్ళ ఒళ్ళు ఎంతమందికి గుర్తొచ్చింది? నా గిటారు రెండున్నర కిలోలు దాటకూడదు. ఎడమచేతివాటం వాళ్ళు తిప్పి పట్టుకునేలా రెండు పక్కలా ఒకే తీరుగా ఉండాలి.

నాలుగోది, కరెంటు. కిందటి వార్షికోత్సవానికి పట్నం నుంచి పాటల బృందం వచ్చినప్పుడు మీరూ ఉన్నారు కదా. సగం పాటలో కరెంటు పోయింది, గిటారు మూగబోయింది. మన తుడుం, డోలు మాత్రం ఆగలేదు. కాబట్టి చిన్న స్పీకరు, ఛార్జింగు బ్యాటరీ గిటారులోనే ఉండాలి. సోలారు లైటు పలకతో అది ఛార్జి కావాలి. బ్యాటరీ అయిపోయినా కొంచెమన్నా వినబడేలా లోపల బోలుగా ఉండాలి.

ఐదోది, చెక్క. గిటారు మెట్ల పలకకు పేరుపడిన చెక్కల్లో మన దేశపు జిట్రేగి ఒకటి. దీన్నే ఇంగ్లీషులో ఇండియన్ రోజ్‌వుడ్ అంటారు. ఈ జాతి చెట్లు తగ్గిపోతున్నాయని 2017లో వాటి వ్యాపారం మీద అంతర్జాతీయ నియమాలు గట్టి చేశారు. తయారైన వాద్యాలకు 2019లో సడలింపు ఇచ్చారు. నాకు ఒకటే అనిపిస్తది. మా ఊళ్ళో నాగలికి కర్ర తెచ్చుకోవాలంటేనే భయపడతారు. అడవి చెట్టు ఎక్కడో గిటారు కావచ్చు గానీ మాకు నాగలి కాకూడదా? రేపటి గిటారుకు వెదురు వాడాలి. వెదురు కొట్టినా మళ్ళీ మొలుస్తది. పేళ్ళు అంటించి పలకలు చేయవచ్చు.

ఆరోది, మూత. వెనక మూత తీస్తే లోపల ఏ తీగ ఎక్కడికి పోతుందో బొమ్మ అంటించి ఉండాలి. తెలుగులో, గోండిలో. మా ఇంట్లో అక్షరాలు నేర్చింది నేనే మొదలు. అందుకే చెప్తున్నాను, తెలియని భాషలో రాసిన వస్తువు మూత తీసినా మూసినట్టే ఉంటది.

"తినడానికి కూరే నీళ్ళలాగా ఉంటే గిటారు కలలెందుకు" అని ఒక అక్క అన్నది. కూర మంచిగా కావాలని అడుగుదాం, నేనూ వస్తాను. కానీ ఆకలి తీరినవాళ్ళకే పాట ఉండాలంటే మన పెద్దలు ఒక్క పాట కూడా పాడి ఉండేవాళ్ళు కాదు. గిటారు వస్తే కిక్రి పోతుందని పెద్దవాళ్ళు భయపడతారు. కిక్రి పోయేది గిటారు వల్ల కాదు, నేర్చుకునే పిల్లలు లేకపోవడం వల్ల. 12 మెట్ల కిన్నెర వాయించే మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ ఇచ్చారు. సన్మానం గొప్పదే. కానీ పక్కన కూర్చుని నేర్చుకునే పిల్లలు కూడా కావాలి.

ఇంకో మాట. మా ఊళ్ళో కిక్రి పర్ధాన్ మగవాళ్ళే వాయిస్తారు. అది వాళ్ళ విద్య, వాళ్ళ కూడు. దాన్ని లాక్కోవాలని నాకు లేదు. కానీ నాకూ వాయించాలని ఉంది. కొత్త వాద్యానికి మా ఊళ్ళో ఇంకా ఎవరూ గీత గీయలేదు. ఇది మగవాళ్ళది, ఇది ఆడవాళ్ళది అని ఎవరూ చెప్పలేదు. చెప్పకముందే మనం చేత పట్టుకోవాలి.

సైన్సు ఫెయిరుకు ఒంటి తీగ గిటారు చేద్దాం. కావలసినవి: ఒక వెదురు బద్ద, ఒక ఉక్కు తీగ, పాత స్పీకరులోని అయస్కాంతం, సన్న ఎనామిల్ రాగి తీగ. కంపెనీ పికప్‌కు సుమారు 8 వేల చుట్లు ఉంటాయి. మనం వంతులు వేసుకుని చుడదాం. వినడానికి ప్రార్థనకు వాడే మైకు డబ్బా ఉంది, సారును అడగాలి. రాగి తీగ ఎవరి దగ్గరన్నా ఉంటే నాకు చెప్పండి. మీ గిటారు ఇంకో రకంగా ఉండాలనుకుంటే ఈ కాగితం కింద ఖాళీ వదిలాను, అక్కడ రాయండి. పెన్సిలుతోనైనా సరే.

— ఒక విద్యార్థిని, 9వ తరగతి