ఊపిరి బిగబట్టడం పందెం కాదు

గత మాసంలో ఒక తల్లి తన కుమారుని వెంటబెట్టుకుని మా వైద్యశాలకు వచ్చింది. 24 ఏళ్ల యువకుడు. మేడమెట్ల మీద స్పృహ తప్పి పడ్డాడట. నాడి చూశాను, దోషమేమీ కనిపించలేదు. గుండె పరీక్ష చేయించి రమ్మన్నాను, అదీ సరిగానే ఉంది. గుచ్చి గుచ్చి అడిగిన మీదట అసలు సంగతి చెప్పాడు. ప్రాణవాయువు సిలిండరు లేకుండా, ఒక్క ఊపిరితో సముద్రంలో మునిగే ఫ్రీడైవింగ్ నేర్చుకోవడానికి అండమాన్ వెళ్లనున్నాడు. అందుకు ముందుగా ఇంట్లోనే సాధన ఆరంభించి, ఊపిరి బిగబట్టి మెట్లు ఎక్కుతున్నాడు.

"ఇది కుంభకమే కదండీ, మీరూ నేర్పుతారు కదా!" అన్నాడు. వాదన బాగానే ఉంది. 1976లో ఎల్బా ద్వీపం వద్ద 100 మీటర్ల లోతుకు దిగిన ఫ్రెంచి సాహసి జాక్ మయోల్ యోగాభ్యాసపరుడే. కాని కుంభకం ఆసనంలో స్థిరంగా కూర్చుని చేసేది. శ్రమ వల్ల కలిగిన నిశ్వాసను ఆపరాదని, ఆపితే గుల్మం, హృద్రోగం, సమ్మోహం కలుగుతాయని చరకుడు స్పష్టంగా చెప్పాడు. నిరోధింపరాని 13 వేగాలలో అదొకటి. అందులో మూడవ ఫలం మన అబ్బాయికి మెట్ల మీదనే దక్కింది!

పాఠకులు ముఖ్యంగా గమనించవలసిన విషయం మరొకటి ఉంది. ఊపిరి తీసుకోవాలనే తహతహ ప్రధానంగా రక్తంలో బొగ్గుపులుసు వాయువు పెరగడం వల్ల కలుగుతుంది. బిగబట్టే ముందు గబగబా శ్వాసలు తీస్తే ఆ వాయువు బయటకు పోతుంది, ప్రాణవాయువు మాత్రం ఏమంత పెరగదు. అప్పుడు తహతహ పుట్టకముందే స్పృహ పోతుంది. పడక మీద అయితే తిరిగి తెలివి వస్తుంది. నీటిలో అయితే ప్రాణమే పోతుంది. స్నానాల తొట్టిలోనైనా సరే, ఈ సాధన ఒంటరిగా చేయరాదు. మన్నారు సింధుశాఖలో ముత్యపు చిప్పల కోసం రాతి బరువుతో మునిగేవారికి సైతం పైన పడవలో తాడు పట్టుకుని ఒక మనిషి ఉండేవాడు.

ఇంట్లో చేయదలచినవారు భోజనమైన మూడు గంటల తరువాత చాప మీద వెల్లకిల పడుకుని, పీల్చిన దానికి రెట్టింపు కాలం మెల్లగా విడవడం అభ్యసించాలి. సుఖంగా ఉన్నంత వరకే ఆపాలి. పక్కన ఇంటివారు ఒకరు ఉండాలి. హృద్రోగులు, రక్తపోటు, మూర్ఛ ఉన్నవారు, గర్భిణులు దీని జోలికి పోరాదు.

అబ్బాయికి రెండు వారాలు విశ్రాంతి, గోరువెచ్చని నువ్వుల నూనెతో అభ్యంగనం, పాలు, నెయ్యితో కూడిన ఆహారం చెప్పాను. ఎన్ని నిమిషాలు బిగబట్టాలో, మధ్య విరామం ఎంత తగ్గించాలో రాసి గోడకు అంటించుకున్న పట్టికను తీసివేయమన్నాను. తీసివేశాడని తల్లి కబురు చేసింది. అండమాన్ ప్రయాణం మాత్రం మానలేదట. "వెంట నీటిలోకి దిగేవారెవరో ముందుగా కనుక్కోమ్మా" అని చెప్పి పంపాను.