పచ్చికపై మందుకు అడ్డుకట్ట: చిన్న పట్టణానిదే గెలుపు

ఇళ్ళ ముందు అందానికి పెంచే పచ్చికపై పురుగుమందులు, కలుపు మందులు చల్లరాదని ఒక చిన్న పట్టణ పాలక మండలి చేసిన నిబంధన కెనడా సుప్రీంకోర్టు దాకా వెళ్ళి నెగ్గింది. ఆ తీర్పులో రంగారెడ్డి జిల్లా గ్రామానికి సంబంధించిన కేసు ప్రస్తావన కూడా ఉండటం విశేషం.

క్యూబెక్ రాష్ట్రంలో మాంట్రియల్ నగరానికి పడమరనున్న హడ్సన్ జనాభా సుమారు 5 వేలు. మన మేజర్ పంచాయతీ పాటిది. అక్కడి పచ్చిక పశువులు మేసేది కాదు, కంటికి ఇంపుగా ఉండటానికే. అందులో కలుపు మొలిస్తే డబ్బిచ్చి మందు కొట్టించేవారు. మన రైతులు వరిలో కలుపుకు వాడే 2,4-డి కూడా అలా చల్లేవారు. జూన్ అర్విన్ అనే చర్మవ్యాధుల వైద్యురాలు 1985 నుంచి మండలి సమావేశాలకు వెళ్ళి, ఈ మందులు ఆరోగ్యానికి చేటని పదే పదే చెబుతూ వచ్చారు. చివరకు 1991లో మండలి నిబంధన చేసింది. రైతులను మాత్రం నిషేధించలేదు. వాడే మందుల వివరాలు ఏటా నమోదు చేయించాలని కోరింది.

నిబంధన మీరాయని 1992లో రెండు కంపెనీలపై కేసులు పెట్టగా అవి కోర్టుకెక్కాయి. కేంద్రం అనుమతించిన మందులను, రాష్ట్రం ఇచ్చిన లైసెన్సుతో చల్లుతుంటే పట్టణ మండలి ఎలా అడ్డుపడుతుందన్నది వాటి వాదన. 2001 జూన్ 28న ఏడుగురు న్యాయమూర్తులూ ఈ వాదనను తోసిపుచ్చారు. ప్రజల ఆరోగ్యం, క్షేమం కోసం నిబంధనలు చేసే అధికారాన్ని రాష్ట్ర చట్టమే పట్టణాలకు ఇచ్చిందని, పై చట్టం కంటే స్థానిక నిబంధన కఠినంగా ఉన్నంత మాత్రాన చెల్లకుండా పోదని తేల్చారు.

హాని పూర్తిగా రుజువయ్యేదాకా ఆగకుండా ముందుజాగ్రత్త పడవచ్చన్న సూత్రాన్ని మెజారిటీ తీర్పు పేర్కొంది. ఇందుకు భారత సుప్రీంకోర్టు 1999లో ఇచ్చిన తీర్పును కూడా ఉదహరించింది. శంషాబాద్ మండలం పెద్దషాపూర్‌లో నూనె కర్మాగారం నడిస్తే జంటనగరాలకు తాగునీరిచ్చే హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ కలుషితమయ్యే ప్రమాదం ఉందని ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి అనుమతి నిరాకరించిన కేసు అది.

ఆ తర్వాత రాష్ట్రాలే ముందుకు వచ్చాయి. 2003లో క్యూబెక్ ప్రభుత్వం పచ్చికలపై 2,4-డి సహా పలు మందులను అంచెలంచెలుగా ఆపివేసే నియమావళి తెచ్చింది. 2009లో ఆంటారియోలోనూ నిషేధం అమలులోకి వచ్చింది.

అయితే ఈ గెలుపుకు హద్దులున్నాయి. పొలాల్లో మందుల వాడకాన్ని ఇది ఆపలేదు. పైగా చట్టంలో అధికారం రాసి ఉండబట్టే హడ్సన్ నెగ్గింది; లేకుంటే ఆ నిబంధన కోర్టులో నిలిచేది కాదు. ఆ అధికారమైనా ఆరేళ్ళ పాటు సమావేశాల్లో పట్టువదలక అడిగినవారు ఉండబట్టే అక్కరకు వచ్చింది. గ్రామసభల్లో నీరు, ఆరోగ్యం గురించి మాట్లాడేవారు గమనించవలసిన సంగతి ఇదే.