ముందుగా తెగిన చోటు తెలుసుకుందాం

గత వేసవిలో చికాగో నుండి సెలవు మీద వచ్చిన మా బావమరిది, మేనకోడలి కోసం ఒక కొత్త టాబ్లెట్ తెచ్చారు. మా అమ్మాయి అప్పుడే ఇంటర్మీడియెట్ రెండవ సంవత్సరంలో అడుగు పెడుతున్నది. అంతవరకు తన పాఠాలన్నీ వాళ్ళ అమ్మీ ఫోన్‌లోనే చూసుకునేది. పాఠం మధ్యలో ఎవరైనా ఫోన్ చేస్తే పాఠం ఆగిపోయేది, మాటలు ముగిసేవరకు అమ్మాయి పక్కన కూర్చుని ఎదురుచూసేది. అందుచేత మామూ తెచ్చిన కానుకను చూసి ఆమె కన్నా మేమే ఎక్కువ సంతోషించాము.

ఆ సంతోషం ఒక్క పూట కూడా నిలువలేదు. టాబ్లెట్ మా ఇంటి వైఫైకి కలవలేదు.

మొదటి సాయంత్రమే అమ్మాయి మా దగ్గరకు వచ్చి, "అబ్బా, పక్కింటి వారి పేర్లన్నీ కనిపిస్తున్నాయి, మన వైఫై పేరు మాత్రం ఈ జాబితాలో లేదు" అని చెప్పింది. మేము ఆ మాటను పట్టించుకోలేదు. ఇంట్లోని ఫోన్లు మూడూ చక్కగా పని చేస్తున్నాయి గనుక లోపం టాబ్లెట్‌లోనే ఉన్నదని, లేదా ఏదో నొక్కరానిది ఆమే నొక్కి ఉంటుందని తేల్చేశాము. "కొత్త వస్తువును రెండు గంటలైనా సరిగా ఉంచలేవా?" అని మందలించాము కూడా. ఆమె బదులు చెప్పలేదు.

మరునాడు శనివారం. మాకు తెలిసిన ఒక అబ్బాయి వచ్చి, "రౌటర్‌ను రీసెట్ చేస్తే అన్నీ సర్దుకుంటాయి" అన్నాడు. రౌటర్ వెనుక చిన్న రంధ్రం ఉంటుంది. అందులోకి పిన్నుతో కొంతసేపు నొక్కి పట్టుకున్నాడు. దీపాలన్నీ ఆరి మళ్ళీ వెలిగాయి. కానీ ఆ తరువాత టాబ్లెట్‌కే కాదు, ఫోన్లకు కూడా ఇంటర్నెట్ రాలేదు. రౌటర్‌ను ఆపి మళ్ళీ వేయడం వేరు, రీసెట్ చేయడం వేరు అన్న సంగతి మాకు అప్పుడు తెలిసింది. ఆపి వేస్తే అమరికలు అలాగే ఉంటాయి. పిన్నుతో రీసెట్ చేస్తే అది కర్మాగారం నుండి వచ్చిన నాటి స్థితికి వెళుతుంది. మన వైఫై పేరు, పాస్‌వర్డ్ మాత్రమే కాక, ఇంటర్నెట్ సంస్థ మన కనెక్షన్ కోసం అందులో నింపిన యూజర్ పేరు, ఇతర వివరాలు కూడా చెరిగిపోతాయి. సంస్థ మనిషి వచ్చి వాటిని మళ్ళీ నింపితే తప్ప చాలా ఇళ్ళలో ఇంటర్నెట్ తిరిగి రాదు.

ఆ మనిషి సోమవారం గానీ రాలేనన్నాడు. ఆదివారం ఉదయం అమ్మాయికి నెట్‌లో నమూనా పరీక్ష ఉన్నది. పాపం, ఆ పరీక్షను మళ్ళీ అమ్మీ ఫోన్‌లో, మొబైల్ డేటాతో, ఆ చిన్న తెరపైనే రాసింది. మధ్యలో ఎవరో ఫోన్ చేశారు. పన్నెండు ప్రశ్నలు మిగిలిపోయాయి. అప్పుడు కూడా ఆమె ఏమీ అనలేదు. ఆ మౌనం మమ్మల్ని బాధించింది.

సోమవారం వచ్చిన టెక్నీషియన్ కనెక్షన్‌ను పునరుద్ధరించాడు. ఫోన్లు కలిశాయి, టాబ్లెట్ మాత్రం కలవలేదు. అప్పుడు అమ్మాయి తలుపు దగ్గర నిలబడి మొదటి రోజు చెప్పిన మాటే మళ్ళీ చెప్పింది: "అన్నా, పేరే కనిపించడం లేదు." అతడు వెంటనే తలెత్తి, "ఈ ట్యాబ్ ఇక్కడ కొన్నదా, బయటి నుండి వచ్చిందా?" అని అడిగాడు. అమెరికా నుండి అని చెప్పాము. అతడు రౌటర్ సెట్టింగుల పేజీ తెరిచి, ఒక అంకె మార్చాడు. నిమిషం గడవకముందే మా ఇంటి వైఫై పేరు టాబ్లెట్ తెరపై కనిపించింది.

జరిగింది ఇది. వైఫై సంకేతాలు 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో కొన్ని ఛానెళ్ళ మీద నడుస్తాయి. మన దేశంలో 1 నుండి 13 వరకు వాడుకోవచ్చు. అమెరికా మార్కెట్ కోసం తయారైన పరికరాలు సాధారణంగా 11 వరకే చూస్తాయి. మా రౌటర్‌లో ఛానెల్ ఎంపిక 'ఆటో' మీద ఉన్నది. చుట్టుపక్కల ఇళ్ళ రౌటర్లు కింది ఛానెళ్ళలో కిక్కిరిసి ఉండడంతో అది ఖాళీగా ఉన్న 13ను ఎంచుకున్నది. ఇక్కడ కొన్న ఫోన్లకు ఆ ఛానెల్ కనిపిస్తుంది, ఆ టాబ్లెట్‌కు కనిపించదు. టాబ్లెట్‌లో లోపం లేదు, రౌటర్‌లో లోపం లేదు, అమ్మాయి చేసిన తప్పు అసలే లేదు. ఛానెల్‌ను 11 మీద స్థిరపరచగానే సమస్య తీరిపోయింది.

విదేశాల్లోని బంధువులు పంపే పరికరాలు మన ఇళ్ళలో చాలానే ఉంటాయి. కాబట్టి మాకు ఎదురైనది పాఠకులలో మరికొందరికీ ఎదురు కావచ్చు. అయితే ప్రతి ఇంట్లోనూ కారణం ఇదే కానక్కరలేదు. ఏ కారణమైనా, వెతికే క్రమం ఒక్కటే. టాబ్లెట్, రౌటర్, బయటి నుండి వచ్చే లైను, ఈ మూడింటిలో ఎక్కడ తెగిందో ముందుగా తెలుసుకోవాలి.

అందుకు సులభమైన పరీక్ష ఒకటున్నది. ఇంట్లోని ఫోన్‌లో హాట్‌స్పాట్ వేసి, టాబ్లెట్‌ను దానికి కలపండి. కలిసి, పేజీలు తెరుచుకుంటే టాబ్లెట్‌లో వైఫై పని చేస్తున్నట్లే. దుకాణానికి పరుగెత్తవలసిన పని లేదు. హాట్‌స్పాట్‌కు కూడా కలవకపోతే టాబ్లెట్‌నే అనుమానించాలి. ఇంట్లో ఏ పరికరానికీ ఇంటర్నెట్ రాకపోతే రౌటర్ దీపాలు చూడండి. ఫైబర్ కనెక్షన్ పెట్టెపై 'ఎల్.ఓ.ఎస్.' అన్న దీపం ఎర్రగా వెలుగుతుంటే వెలుతురు సంకేతం ఇంటి దాకా రావడం లేదని అర్థం. అది సంస్థ వారు చూడవలసిన పని.

ఇక టాబ్లెట్ ఏమి చెబుతున్నదో శ్రద్ధగా చదవండి. మూడు రకాల మాటలకు మూడు వేర్వేరు అర్థాలున్నాయి.

పేరే కనిపించకపోతే, మేము చెప్పిన ఛానెల్ సంగతి చూడండి. కొన్ని చవక టాబ్లెట్లు 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే అందుకుంటాయి, 5 గిగాహెర్ట్జ్ పేరు వాటికి కనబడదు. రౌటర్‌లో రెండు బ్యాండ్లు ఉంటే 2.4ను కూడా ఆన్ చేయాలి. 5 గిగాహెర్ట్జ్ వేగమైనదే గానీ గోడలు దాటి దూరం పోలేదు. కాబట్టి ఒకసారి టాబ్లెట్‌ను రౌటర్ ఉన్న గదిలోకే తీసుకుపోయి చూడండి.

పేరు కనిపించి, లోనికి రానివ్వకపోతే ముందుగా పాస్‌వర్డ్‌ను అనుమానించండి. పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు వేర్వేరు. సున్నాకు, ఆంగ్ల 'ఓ' అక్షరానికి తేడా గమనించండి. 'నెట్‌వర్క్‌ను మరచిపో' అన్న ఎంపిక నొక్కి, కళ్ళకు కనిపించేటట్లు పాస్‌వర్డ్ మళ్ళీ టైపు చేయండి. అది సరైనదే అయితే రౌటర్ భద్రతా విధానం చూడండి. 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 ఒక్కటే పెట్టి ఉంటే కొన్ని పరికరాలు కలవవు. డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 రెండూ కలిసిన ఎంపిక ఉంటుంది, దానిని పెట్టండి. అనుమతించిన పరికరాలకు మాత్రమే చోటిచ్చే మ్యాక్ ఫిల్టర్‌ను ఎప్పుడో ఎవరైనా వేసి ఉంటే, కొత్త టాబ్లెట్ చిరునామాను అందులో చేర్చాలి. ఈనాటి టాబ్లెట్లు తమ అసలు చిరునామాకు బదులు మరొకటి చూపుతాయి. ఆ ఇంటి నెట్‌వర్క్ వరకు 'పరికరం మ్యాక్ వాడు' అని మార్చుకోవాలి.

కలిసినా ఇంటర్నెట్ లేదని చెబితే మొదట తేదీ, సమయం చూడండి. కొత్త టాబ్లెట్‌లో ఇవి తప్పుగా ఉంటే భద్రత గల పేజీలు తెరుచుకోవు. అవి సరిగానే ఉంటే రౌటర్‌ను స్విచ్ దగ్గర ఆపి, కొన్ని క్షణాలు ఆగి మళ్ళీ వేయండి.

రీసెట్ అన్నది అన్నింటికంటే చివరి మాట. అది తప్పనిసరి అయితే, ముందుగా రౌటర్ సెట్టింగుల పేజీలన్నీ ఫోన్‌తో ఫొటో తీసి ఉంచుకోండి. సంస్థ వారిని సంప్రదించకుండా పిన్ను చేత పట్టవద్దు.

ఇవన్నీ యంత్రానికి సంబంధించిన మాటలు. మేము నేర్చుకున్న అసలు పాఠం మరొకటున్నది. ఆ టాబ్లెట్ ముందు కూర్చున్నది మా అమ్మాయి, చూసింది ఆమె, ఉన్నది ఉన్నట్లు చెప్పిందీ ఆమె. ఆ ఒక్క మాటను మొదటి రోజే విని ఉంటే రీసెట్ ఉండేది కాదు, రెండు రోజుల అవస్థ ఉండేది కాదు, ఆ పన్నెండు ప్రశ్నలు మిగిలేవి కావు. పెద్దవారమన్న భావంతో విచారించకుండానే తీర్పు చెప్పేశాము.

ఆ రాత్రి ఆమె దగ్గర కూర్చుని, "బేటీ, తప్పు మాది. నీ మాట వినలేదు" అని చెప్పాము. పిల్లల ముందు తప్పు ఒప్పుకుంటే గౌరవం తగ్గుతుందని అనుకుంటాము. అలా ఏమీ జరగలేదు. ఆమె కాసేపు తల వంచుకుని ఉండి, టాబ్లెట్ మా వైపు తిప్పి, "అబ్బా, ఆ పన్నెండు ప్రశ్నలు ఇప్పుడు రాస్తాను, మీరు టైం చూస్తారా?" అన్నది.

మేము గడియారం తీసుకుని పక్కనే కూర్చున్నాము.