ఇల్లు చక్కదిద్దుట: నేలమాళిగకు లోకప్పు

అమెరికాదేశమున కాపురమున్న మన సోదరీమణులలో పలువురు ఇంటిక్రింది నేలమాళిగను గదులుగా మార్చుకొను తలంపుతో నున్నారు. గోడలకు ఏ రంగు వేయవలెనో, నేలపై నేమి పఱవవలెనో వారు సులభముగనే తేల్చుకొందురు. లోకప్పు సంగతి వచ్చునప్పటికి మాత్రము ఇంటిలో తలకొక మాట పుట్టును. భర్తగారు ఖర్చు తక్కువైనది చాలునందురు. పిల్లలు కాఫీహోటలువలె నల్లరంగు కొట్టించుమందురు. కాంట్రాక్టరు తనకు చేతనైనదే మేలైనదని చెప్పును.

ఈ నేలమాళిగ యేమని మనదేశపు సోదరీమణులు అడుగవచ్చును. మిచిగను మొదలగు చలిప్రదేశములలో శీతకాలమున నేల గడ్డకట్టి ఉబ్బును. పునాది ఆ లోతునకు క్రిందుగా నుండవలెను. మిచిగనులో అది 42 అంగుళములు. అంత త్రవ్వినవారు మఱికొంత త్రవ్వినచో ఒక అంతస్తే వచ్చును గదా యని ఇంటిక్రింద ఇల్లంత మాళిగ కట్టుకొందురు. మొదట నందు ఇల్లు వెచ్చజేయు ఫర్నేసు, నీళ్లుకాచు పీపా తప్ప విశేషమేమియు నుండదు. తలయెత్తి చూచినచో పైయంతస్తు నేలను మోయు కొయ్యదూలములు, వానినడుమ నీటిగొట్టములు, విద్యుత్తీగలు, వేడిగాలిని గొనిపోవు రేకుగొట్టములు అన్నియు అగపడును. వీనిని మఱుగుపఱచునదే లోకప్పు. కావున మాళిగలోని కూర్చుండు గదికి ఏది అందమని కాక, ఈ గొట్టములలో దేనిని మరల తాకవలసివచ్చునని మొదట ఆలోచింపవలెను.

వాడుకలో మూడు పద్ధతులున్నవి. దూలములకు జిప్సము పలకలను మరలతో బిగించి, అతుకులు పూడ్చి, గరుకుకాగితముతో రుద్ది రంగు వేయుట ఒకటి. దీనినే అచ్చట డ్రైవాలందురు. దూలములనుండి తీగలతో లోహపు చట్రమును వ్రేలాడదీసి, రెండడుగుల చదరపు బిళ్లలనో, రెండడుగుల వెడల్పు నాలుగడుగుల పొడవు గల బిళ్లలనో అందమర్చుట రెండవది. అది డ్రాప్ సీలింగు. ఏమియు కప్పక అన్నిటికి ఒకే రంగు చల్లించుట మూడవది. చూచుటకు మొదటిది మేడమీది గదులతో సరిపోవును. రెండవది కచేరి గదివలె నుండునని కొందఱకు రుచింపదు. మూడవది చవుక, కాని దుమ్మును, సాలెగూళ్లను దులుపుపని ఇల్లాలిదే యగును.

ఎత్తు కొలువక యేదియు నిశ్చయింపరాదు. అచ్చటి గృహనిర్మాణపు మాదిరి నియమావళి ననుసరించి, నివసించు గదికి 7 అడుగుల ఎత్తు కావలెను. మాళిగలో దూలములు, గాలిగొట్టములు వచ్చుచోట మాత్రము 6 అడుగుల 4 అంగుళములవఱకు దిగవచ్చును. జిప్సము పలక మందము అర అంగుళమే. వ్రేలాడు చట్రమునకో, అన్నిటికంటె దిగువనున్న గొట్టముక్రింద మూడునాలుగు అంగుళముల చోటు వలయును. లేనిచో బిళ్లను వాల్చి లోనికి దూర్చుటకు వీలుపడదు. పొట్టిమాళిగ గలవారికి ఈ లెక్కయే సగము తీర్పు చెప్పివేయును.

తక్కిన సగము నీరు చెప్పును. వంటింటి సింకు, గిన్నెలుకడుగు యంత్రము, స్నానపుగది తొట్టి – వీని గొట్టములన్నియు మాళిగ కప్పులోనుండియే పోవును. ఏనాడో ఒక అతుకు చెమర్చును. చట్రపు బిళ్లయైనచో దానిపై గోధుమరంగు మచ్చ యేర్పడును; బిళ్లను తీసి, కారుచోటును బాగుచేసి, క్రొత్తబిళ్ల నుంచిన సరిపోవును. జిప్సము పలకయైనచో నీరు దానిపై ప్రాకి వేఱొకచోట కారును. ఎచ్చట కోయవలెనో తెలియదు. కోసినపిమ్మట అతికి రంగు వేయించినను మచ్చ తెలియుచునే యుండును. ఆలస్యమైనచో పలకకంటిన కాగితమునకు బూజు పట్టును. ఇక నీటిని కట్టివేయు వాల్వుపైననే పలక బిగించినచో, ఇల్లు తడియుచుండగా సుత్తి వెదకుకొనవలసివచ్చును! తీగలు కలియు జంక్షను బాక్సులను మూసివేయుట నియమములకే విరుద్ధము. చట్రపు బిళ్లలకును దోషము లేకపోలేదు. చెమ్మ యెక్కువైనచో కొన్నిరకములు నడుమ వంగి వ్రేలాడును.

చప్పుడు సంగతియు మఱువరాదు. మనదేశమునుండి వచ్చిన అత్తమామలకో, తల్లిదండ్రులకో క్రింద పడకగది యిచ్చి, పైన పిల్లలు కూచిపూడి యభ్యసించుచుండినచో ఆ పెద్దలకు నిద్ర యెక్కడిది? దూలములనడుమ రాతియున్ని కూర్చి, జిప్సము పలకలను తిన్నగా దూలములకు గాక వంగు లోహపుపట్టీలకు బిగించినచో అడుగులచప్పుడు చాలవఱకు తగ్గును. కప్పులేని మాళిగకు ఈ వీలు లేదు. అచ్చట పడకగది చేయుదురేని, మంటలవేళ బయటపడుటకు తగిన కిటికీయు, పొగను తెలుపు గంటయు తప్పక యుండవలెను.

మంటల మాట వచ్చినది గావున మఱియొకటి చెప్పెదను. నల్లరంగు కోరు పిల్లలకు ఇది వినిపింపుడు. ఇటీవలి యిండ్లలో నిండుకొయ్యకు బదులు, పలుచని చెక్కను నిలువున నిలిపి పైన క్రింద బద్దలతికించిన ఐ ఆకారపు దూలములు పలుచోట్ల వాడుచున్నారు. అవి తిన్నగా, బలముగా నుండును. కాని మంట తగిలినచో నిండుకొయ్యకంటె త్వరగా విఱుగును. అందువలన 2012 నాటి మాదిరి నియమావళిలో, అట్టి నేలల అడుగున అర అంగుళపు జిప్సము పలకయో, దానికి సాటియైన రక్షణయో కొన్ని మినహాయింపులతో విధించిరి. ఒక్కొక్క రాష్ట్రము దానిని తన తీరున మార్చుకొనును. మీ యూరి నిర్మాణ కార్యాలయమున నడిగి తెలిసికొనుడు. 1980కి ముందు కట్టిన యిల్లైనచో పాతబిళ్లలలో, గొట్టముల చుట్టలలో ఆస్బెస్టాసు ఉండవచ్చును. పరీక్ష చేయించక వానిని పెఱుకనీయకుడు. ఆ ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతకము.

నా మట్టుకు, ఎత్తు చాలిన మాళిగలో వంటింటిక్రిందను, స్నానపుగదులక్రిందను చట్రపు బిళ్లలు, తక్కిన చోట్ల జిప్సము పలక యుండుట మేలని తోచుచున్నది. రెండును కలియుచోట ఒక కొయ్యబద్ద కొట్టించిన చూపునకు ఎబ్బెట్టుగా నుండదు. ఐ ఆకారపు దూలములున్న యింట అంతటను జిప్సము పలకయే వేయించి, వాల్వులకును బాక్సులకును చిన్నతలుపులు పెట్టించుడు. కాంట్రాక్టరుతో మాటలాడుట మగవారి పనియని తొలగిపోవలదు. ఏ తొట్టి యెప్పుడు కారినదో, ఏ గొట్టము మూలిగినదో ఇల్లాలికే యెక్కువ తెలియును. కప్పు మూయుటకు ముందటి దినమున కొలటేపు ఆనించి, దూలముల నడిమి సందులన్నిటిని వరుసగా ఫోటోలు తీసి, ఇంటిపత్రములతో కలిపి దాచియుంచుడు.