దానమిచ్చిన ఆవూ, దాని పళ్ళూ

అమెరికాలో వికలాంగుల కోసం కేంద్ర ప్రభుత్వ ధనంతో నడుస్తున్న ఇళ్ళ ఆడిట్ నివేదికలు చదివే వింత అలవాటు నాకొకటి ఉంది. ఇవి రహస్య పత్రాలేమీ కావు. ఫెడరల్ ఆడిట్ క్లియరింగ్ హౌస్ అనే ప్రభుత్వ భాండారంలో ఎవరైనా తీసి చదువుకోవచ్చు. నవలకుండే ఆకర్షణ వీటికి లేదని వేరే చెప్పనక్కరలేదు. అయినా చదవగా చదవగా నాకొక అభిప్రాయం స్థిరపడింది. అద్దెకుంటున్న మనిషికి నిజంగా హాని చేసే లోపాన్ని సంస్థలు గుమాస్తా పొరపాటుగా తీసిపారేస్తున్నాయి. కాగితానికి మాత్రమే సంబంధించిన లోపాన్ని సరిదిద్దే భారమేమో ఆ మనిషి నెత్తినే పెడుతున్నాయి.

ఈ ఇళ్ళ సంగతి తెలియనివారి కోసం ముందుగా నాలుగు మాటలు. 1990 నాటి గృహవసతి చట్టంతో ఏర్పడిన 811వ సెక్షన్ కింద, హడ్ అని అందరూ పిలిచే కేంద్ర గృహవసతి శాఖ, లాభాపేక్ష లేని సంస్థలకు ఇళ్ళు కట్టడానికి పెట్టుబడి ఇచ్చింది. 40 ఏళ్ళపాటు ఆ ఇంటిని బాగా తక్కువ ఆదాయం గల వికలాంగులకే కేటాయిస్తే ఆ సొమ్ము తిరిగి కట్టనక్కరలేదు, వడ్డీ కూడా లేదు. అద్దెకున్నవారు సవరించిన ఆదాయంలో సుమారు 30 శాతం ఇస్తారు. నిర్వహణ ఖర్చులో మిగతాది హడ్ భరిస్తుంది. వీరిలో చాలామందికి ఆధారం ఎస్.ఎస్.ఐ. అనే నెలసరి భృతి. 2025లో ఒంటరి వ్యక్తికి కేంద్రం ఇచ్చిన గరిష్ఠ మొత్తం నెలకు 967 డాలర్లు. మినహాయింపులు పోను అందులోంచి ఇంటద్దె 280 డాలర్ల చుట్టుపట్ల తేలుతుంది. ఇక ఆ భృతి అందాలంటే ఒంటరి మనిషికి లెక్కలోకి వచ్చే ఆస్తి 2,000 డాలర్లు దాటకూడదు. 1989 నుంచీ ఆ హద్దు కదలలేదు. అంటే, ఏదైనా తేడా వచ్చినప్పుడు తట్టుకోవడానికి వీరి దగ్గర వెనకేసుకున్న సొమ్ము ఉండదు. ఉండటానికి చట్టమే ఒప్పుకోదు.

ఇక లెక్కల మాట. రోజువారీ ఖర్చులకొక ఖాతా, అద్దెకున్నవారు కట్టిన ధరావతుకొకటి, మరమ్మతుల నిధికొకటి, ఏడాది చివర మిగిలినదానికి ఇంకొకటి. ఒకదానిలోంచి మరొకదానిలోకి ఇష్టం వచ్చినట్టు సొమ్ము జరపడానికి వీల్లేదు. ఇవన్నీ సక్రమంగా జరిగేందుకు సంస్థ తనకు తానే పెట్టుకునే ఏర్పాట్లను ఇంటర్నల్ కంట్రోల్స్ అంటారు. తెలుగులో 'అంతర్గత నియంత్రణ' అంటున్నాం గానీ, ఆ మాట వినగానే నాకు పతంజలి గుర్తొస్తాడు తప్ప చెక్కుబుక్కు గుర్తుకు రాదు. 'కట్టుదిట్టాలు' అంటే సరిపోతుందేమో! ఇంతకన్నా మంచి మాట తట్టినవారు చెబితే సంతోషిస్తాను.

ఆ ఖాతాలన్నిటిలోకీ నేను ముఖ్యమనుకునేది మరమ్మతుల నిధి. రీప్లేస్‌మెంట్ రిజర్వ్ అంటారు. హడ్ నిర్ణయించిన మొత్తం నెలనెలా ఇందులో జమ కావాలి. హడ్ అనుమతి లేనిదే పైసా తీయరాదు. నివేదికల్లో తరచుగా కనబడే లోపాల్లో ఒకటి, ఏడాదిలో రెండు మూడు నెలలు ఈ జమ జరగకపోవడం. సంస్థల జవాబు కూడా ఇంచుమించు ఒకే మూసలో ఉంటుంది: చేతిలో నగదు తక్కువైంది, ఇకముందు జాగ్రత్త పడతాం. చదివేవారికి ఇది చిల్లర విషయంగా తోస్తుంది. కానీ ఆ నిధి ఉన్నది దేనికి? పైకప్పుకు, బాయిలరుకు, లిఫ్టుకు. మామూలు ఇంట్లో లిఫ్టు చెడిపోతే మెట్లెక్కుతాం, ఆయాసపడతాం, ఇంటివాణ్ణి తిట్టుకుంటాం. పై అంతస్తులో చక్రాల కుర్చీలో ఉన్న మనిషికి లిఫ్టు చెడిపోవడమంటే ఇల్లు చెరసాల కావడమే. పనికి పోలేడు, ఆసుపత్రికి పోవాలంటే నలుగురు మొయ్యాలి, నిప్పంటుకుంటే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. పాతబడిన యంత్రాన్ని మార్చవలసిన రోజున నిధిలో సొమ్ము చాలకపోతే, ఆ కొరతకు మూలం ఎప్పుడో ఎనిమిదేళ్ళ కిందట జమ కాని ఆ రెండు మూడు నెలల్లో ఉంటుంది. అప్పుడు ఆడిటరు రాశాడు, సంస్థ జవాబిచ్చింది, ఫైలు మూతపడింది. లిఫ్టు పక్కన నివసించే మనిషికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

ఇంతకన్నా లోతైన లోపం మరొకటి ఉంది. ఇంటి ఖాతాలోని సొమ్మును మాతృసంస్థ వాడుకోవడం. ఇది ఎలా జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. ఆ సంస్థ వికలాంగులకు ఇంకా ఎన్నో సేవలు చేస్తూ ఉంటుంది. ఆ సేవలకు ప్రభుత్వం నుంచి రావలసిన బకాయి ఆలస్యమవుతుంది. శుక్రవారం సిబ్బందికి జీతాలివ్వాలి. ఇంటి ఖాతాలో సొమ్ము కనబడుతూనే ఉంటుంది. వచ్చే నెల తిరిగి వేసేద్దాంలే అనుకుంటారు. ఎవరూ జేబులో వేసుకోరు, దొంగతనమన్న ఆలోచనే ఎవరికీ రాదు. నివేదికలో మాత్రం 'అనుబంధ సంస్థ నుంచి రావలసినది' అని ఒక పద్దు మొలుస్తుంది. ఏటేటా పెరుగుతుంది.

ఈ కథ తెలుగువారికి కొత్తది కాదు. కంచర్ల గోపన్న సర్కారుకు జమ కట్టవలసిన శిస్తు సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించాడు. మనమంతా తరతరాలుగా గోపన్న పక్షమే, నేనూ అంతే. అయినా తానీషా కొలువులో ఆడిటరంటూ ఒకడుంటే ఏమని రాసి ఉండేవాడు? ఒక పనికి ఉద్దేశించిన ధనాన్ని అనుమతి లేకుండా వేరొక పనికి మళ్ళించారనే రాస్తాడు. ఆ రెండో పని ఎంత పుణ్యకార్యమైనా ఆ వాక్యం మారదు. కథలో బాకీ తీర్చడానికి రామలక్ష్మణులు వచ్చారు. ఈ ఇళ్ళకు అలా ఎవరూ రారు. ఇంకొక తేడా కూడా ఉంది. గోల్కొండలో చెర అనుభవించింది సొమ్ము ఖర్చు చేసినవాడే. ఇక్కడ లిఫ్టు ఆగిపోయిన ఇంట్లో చెర అనుభవించేది ఆ సొమ్ముతో ఏ సంబంధమూ లేని మనిషి.

సేవాసంస్థల మీద ఇంత నిఘా ఎందుకు, దానమిచ్చిన ఆవుకు పళ్ళు లెక్కపెట్టినట్టు కాదా అనేవారున్నారు. సామెత బాగానే ఉంది గానీ, ఇక్కడ ఆవును దానం పట్టింది సంస్థ కాదు. సంస్థ పాలేరు. ఆవు ఎవరిదో ఆ మనిషికి కొట్టంలోకి ప్రవేశం లేదు కనుక అతని తరఫున ఎవరో ఒకరు పళ్ళు లెక్కపెట్టవలసిందే.

ఆడిట్‌ను ఇంతగా సమర్థించే నాకు కూడా మింగుడుపడని భాగం అద్దెకున్నవారి ఫైళ్ళ తనిఖీ. ఆడిటరు నమూనాగా కొన్ని ఫైళ్ళు తీస్తాడు. 50059 అనే ధ్రువపత్రం మీద సంతకాలున్నాయా, ఆదాయానికి రుజువుందా, 2010లో తప్పనిసరి చేసిన ఈ.ఐ.వి. అనే కంప్యూటరు వ్యవస్థలోంచి తీసిన ఆదాయ వివరాలు ఉన్నాయా అని చూస్తాడు. ఒక్క విషయంలో ఇక్కడి నిబంధనను మెచ్చుకోవాలి. వైకల్యం చట్టపు నిర్వచనంలోకి వస్తుందన్న ధ్రువీకరణ చాలు, రోగం పేరు బయటపెట్టనక్కరలేదు. మిగతాదంతా గడువుల గొడవ. ఏటా ఆదాయాన్ని తిరిగి ధ్రువీకరించాలి. ఆ తేదీకి 120 రోజుల ముందొక ఉత్తరం, 90 రోజుల ముందొకటి, 60 రోజుల ముందొకటి పంపాలి. సకాలంలో స్పందన లేకపోతే ఆ వ్యక్తికి అందే సహాయమే ప్రమాదంలో పడుతుంది. ఫైలు ఆలస్యమైందని ఆడిటరు రాసిన మరుసటి ఏడు సంస్థ ఏం చేస్తుంది? ఉత్తరాలను ఇంకా కచ్చితంగా, ఇంకా కటువుగా పంపుతుంది. అందుకునేవారిలో చదవడం కష్టమైనవారున్నారు, మానసిక అనారోగ్యం వల్ల నెలలపాటు ఉత్తరాలు విప్పనివారున్నారు. ఇంటికి వెళ్ళి చదివి వినిపించమనో, ఫోను చేయమనో అడిగే హక్కు 1973 నాటి పునరావాస చట్టంలోని 504వ సెక్షన్ వారికిచ్చింది. కానీ ఉత్తరం పంపిన రుజువు ఫైల్లో ఉంటే తనిఖీకి చాలు. అది అర్థమైందా లేదా అన్నదానికి గడి లేదు.

వైద్య ఖర్చుల మినహాయింపు మరీ విచిత్రం. ఆ ఖర్చులు వార్షికాదాయంలో 3 శాతం దాటితే దాటినంత మేర ఆదాయంలోంచి తీసివేయాలన్నది పాత పద్ధతి. 2016 నాటి చట్టం ఆ 3ను 10 చేసింది. ఏదైనా సరే, బిల్లులు భద్రపరచి తెచ్చి చూపించినవారికే ఈ మేలు. చూపించినవారి లెక్కలో తప్పు దొర్లితే ఆడిటరు పట్టుకుంటాడు. అడగాలని కూడా తెలియక ప్రతినెలా పది డాలర్లు ఎక్కువ కట్టేవాడి ఫైలేమో అద్దంలా ఉంటుంది. దానిలో పట్టుకోవడానికేమీ లేదు.

ఇటీవల వచ్చిన మార్పు గురించి కూడా చెప్పాలి. ఏడాదిలో ఎంత ఫెడరల్ సొమ్ము వాడితే ఈ సమగ్ర ఆడిట్ తప్పనిసరి అవుతుందో ఆ హద్దు 2003లో 5 లక్షల డాలర్లు, 2014లో ఏడున్నర లక్షలు. 2024 అక్టోబరు 1 నుంచి మొదలయ్యే ఆర్థిక సంవత్సరాలకు 10 లక్షలు. ఎప్పుడో ఇల్లు కట్టడానికిచ్చిన పెట్టుబడిని కూడా ఏటా ఈ లెక్కలో కలుపుతారు కాబట్టి పది గదుల ఇల్లు కూడా హద్దు దాటేది. ఇప్పుడు కొన్ని చిన్న సంస్థలు బయటపడ్డాయి. ఆడిటరు రుసుము కూడా ఇంటి ఖర్చే కనుక వారి సంతోషం నాకు అర్థమవుతుంది. కానీ చెక్కు రాయడం, సంతకానికి పెట్టడం, బ్యాంకు లెక్క సరిచూడటం ఒక్క చేతి మీదుగా నడిచేది ఆ చిన్న చోట్లనే. మా సంస్థ చిన్నది, ముగ్గుర్ని పెట్టలేం అన్న జవాబును నేను ఒప్పుకోను. నెలాఖరుకు బ్యాంకు పంపే కాగితాన్ని గుమాస్తా కన్నా ముందు పాలకవర్గం కోశాధికారి విప్పి చదవడానికి జీతమేమీ ఇవ్వనక్కరలేదు. చదివాక, మరమ్మతుల నిధిలో ఈ నెలకు ఎంత ఉండాలో, ఎంత ఉందో, ఆ రెండు అంకెలూ పెద్ద అక్షరాలతో రాసి లిఫ్టు పక్కన, చక్రాల కుర్చీలో కూర్చున్నవారి కంటికి ఆనే ఎత్తులో అంటించవచ్చు. అలా చేయమని ఏ నిబంధనా అడగడం లేదు. వద్దనే నిబంధన కూడా ఇంతవరకు నా కంటపడలేదు.